పాసౌ నుంచి వియన్నా సైకిళ్ళ మీద: పది మంది, ఒక రైస్ కుక్కర్, సామాను ఎవరు మోయాలి?

గోదారిగట్టు
సెప్టెంబరులో పాసౌ నుంచి వియన్నా దాకా డాన్యూబ్ ఒడ్డునే సైకిల్ మీద వెళ్దామని పది మందిమి అనుకున్నాం. సుమారు 320 కిలోమీటర్లు, ఎనిమిది రాత్రులు. ముగ్గురు అరవై దాటినవాళ్ళు. నలుగురు శాకాహారులు, అందులో ఇద్దరు గుడ్డు కూడా ముట్టరు. ఏజెన్సీ కొటేషన్‌లో సైకిళ్ళు, హోటళ్ళు, సామాను రవాణా, పొద్దుటి టిఫిను ఉన్నాయి, రాత్రి భోజనం లేదు. సగం మంది "రైస్ కుక్కర్ పట్టుకెళ్దాం, పప్పన్నం మనమే వండుకుందాం" అంటున్నారు. మిగతా సగం "అంత దూరం వెళ్ళి గిన్నెలు తోముకోవాలా" అంటున్నారు. నాకు తేలాల్సినవి రెండు. వంట సామాను పెట్టెని ఆ రవాణావాళ్ళు తీసుకెళ్తారా? ఖర్చులు మాటామాటా రాకుండా పంచుకునేదెలా?

పెడల్_పంతులు
పెట్టె తీసుకెళ్తారు, దానికి వేరే బ్యాగు లెక్క కట్టి డబ్బు తీసుకుంటారు. మామూలుగా మనిషికి ఒక బ్యాగు, 20 కిలోలు. పొద్దున 8–9 లోపు రిసెప్షన్ దగ్గర పెట్టాలి, సాయంత్రం 5–6కి తర్వాతి హోటల్లో ఉంటుంది. ఇక్కడ మన వాళ్ళందరూ పప్పులో కాలేసే చోటు ఒకటుంది. విమానంలో 23 కిలోలు ఇస్తారు కదా అని 23 నింపుకుని వస్తారు. అక్కడ వ్యాను డ్రైవరు ఒక్కడే అన్నీ చేత్తో ఎత్తాలి. 20 దాటితే అదనం అడగొచ్చు, లేదా వదిలేసి పోవచ్చు. ఇంటి దగ్గరే 18 దగ్గర ఆపండి.

అసలు చిక్కు వేరే ఉంది. రిసెప్షన్ ఉన్న హోటల్లో వంటిల్లుండదు. వంటిల్లున్న అపార్ట్‌మెంట్‌లో రిసెప్షన్ ఉండదు, గోడకి కోడ్ నొక్కే తాళాల డబ్బా ఉంటుంది. వ్యాను మధ్యాహ్నం ఒంటిగంటకే వస్తే బ్యాగులు అందుకునే మనిషి ఉండడు, వీధిలో వదిలి వెళ్ళరు. వంట సంగతి తేల్చకుండా సామాను సంగతి తేలదు.

ఉప్పల్_రాండో
గందుకే ఏజెన్సీ వద్దంటున్న. తొమ్మిది సీట్ల వ్యాన్ కిరాయికి తీస్కోన్రి. బ్యాగులు, కుక్కర్, బియ్యం అన్నీ అండ్లనే పడేయొచ్చు. రోజుకొకరు నడుపుతరు. అపార్ట్‌మెంట్‌కు ముందే పోయి తాళం తీసి అన్నం పెడ్తరు. ఎవరికన్న మోకాలు పట్టేస్తె ఎక్కించుకోవచ్చు. ఇంతకన్న సులువేముంది?

గేరు_మార్చని_గిరి
రోజుకొకరు నడిపితే ఎనిమిది మంది తలా ఒక రోజు సైకిల్ ఎక్కరు. సైకిల్ యాత్ర కాస్తా వ్యాన్ డ్యూటీ రోస్టర్ అవుతుంది.

పెడల్_పంతులు
@ఉప్పల్_రాండో వ్యాను కుదరదని కాదు, లెక్క పూర్తిగా వెయ్యాలి. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోవాలి, నడిపే ప్రతివాళ్ళ పేరూ అద్దె కాయితంలో ఉండాలి. పాసౌ జర్మనీ, వియన్నా ఆస్ట్రియా. ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో వదిలితే వన్‌వే రుసుము గట్టిగా పడుతుంది, ఒక్కోసారి మొత్తం అద్దెకి సమానంగా. ఆస్ట్రియా మోటార్‌వే ఎక్కితే విన్యెట్ అనే టోల్ స్టిక్కరు కొనాలి. డ్యూర్న్‌స్టైన్ లాంటి పాత ఊళ్ళ లోపలికి వ్యాను వెళ్ళదు, బయట డబ్బులు కట్టి ఆపి బ్యాగులు ఈడ్చుకుంటూ రావాలి. నడిపేవాడు పొద్దున్నించీ ఒంటరిగా ఉంటాడు. మూడో రోజుకి ముఖం మాడ్చుకోని డ్రైవరు ఏ గ్రూపులోనూ దొరకడు.

లింజ్_లత
వ్యాను లేకపోతే మోకాలు పట్టేసినవాళ్ళ సంగతేంటి అన్నారుగా. లింజ్ దాటాక ఇబ్బంది లేదు, రైలు దగ్గర్లోనే ఉంటుంది. ఉత్తరం ఒడ్డున మౌట్‌హౌజెన్, గ్రైన్ మీదుగా లోకల్ రైలు. దక్షిణం వైపు యిబ్స్, మెల్క్ మీదుగా మెయిన్ లైను. క్రెమ్స్ నుంచి టుల్న్, వియన్నా ఇంకో లైను. లోకల్ రైళ్ళలో సైకిల్‌కి టికెట్ కొని ఎక్కించొచ్చు. పది సైకిళ్ళు ఒకే బోగీలో పట్టవు, అందుకని మొత్తం గ్రూపు రైలు మీద ఆధారపడకండి. ఒకరిద్దరికైతే సరిపోతుంది.

రైలు లేనిది పాసౌ నుంచి ఆషాఖ్ వరకే. అక్కడ నది కొండల మధ్య మెలికలు తిరుగుతుంది, రైలు లైను లోపలికి వెళ్ళిపోతుంది. ఆ ముక్కలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే టాక్సీ, లేదంటే పడవ. మొదటి రెండు రోజులూ దూరం తక్కువ పెట్టుకుంటే మంచిది.

గోదారిగట్టు
వ్యాను ఆలోచన మా ఇంట్లోనే వీగిపోయింది, నడపడానికి ఎవరూ చెయ్యెత్తలేదు. సరే, వండుకోవడం, సామాను సర్వీసు రెండూ ఎలా కుదర్చాలి?

పెడల్_పంతులు
రోజూ వండుకోవాలన్న పంతం వదలండి. రెండు చోట్ల రెండేసి రాత్రులు ఆగండి. లింజ్, క్రెమ్స్. ఆ రెండూ కాస్త పెద్ద ఊళ్ళు, వంటిల్లున్న అపార్ట్‌హోటళ్ళు దొరుకుతాయి. వాటికి రిసెప్షన్ ఉంటుంది, బ్యాగులు దిగుతాయి. అలా నాలుగు రాత్రులు మన వంట, మిగతా రాత్రులు వాళ్ళ భోజనం.

1. పాసౌ. విమానం దిగి చేరడం, సైకిళ్ళు సరిచూసుకోవడం.
2. ష్లోగన్. 42 కి.మీ. అక్కడ హోటలు, క్యాంపింగు, పడవ రేవు, అంతే. హాఫ్‌బోర్డు, అంటే రాత్రి భోజనం కూడా కలిపిన గది, తీసుకోండి.
3, 4. లింజ్. 55 కి.మీ. రెండో రోజు విశ్రాంతి.
5. గ్రైన్. 60 కి.మీ., చివరి రోజు తప్పిస్తే అన్నిటికన్నా పొడుగు.
6, 7. గ్రైన్ నుంచి మెల్క్ 50 కి.మీ. సామాను నేరుగా క్రెమ్స్ పంపి, మెల్క్‌లో పడవెక్కి క్రెమ్స్‌లో దిగండి. మర్నాడు బరువు లేకుండా మెల్క్, క్రెమ్స్ మధ్య ఉన్న వాఖౌ లోయంతా తిరగొచ్చు.
8. వియన్నా. క్రెమ్స్ నుంచి 80 పైనే. పెద్దవాళ్ళు టుల్న్‌లో రైలెక్కేస్తే సగమే.

లింజ్_లత
ఆరో రోజు మీద చిన్న అభ్యంతరం. మెల్క్ నుంచి క్రెమ్స్ దిగే పడవలు రోజుకి కొన్నే, సాయంత్రం ఆలస్యంగా ఉండవు. గ్రైన్‌లో తొమ్మిదికి బయల్దేరి మధ్యలో యిబ్స్ దగ్గర గంట కాఫీ అంటే చివరి పడవ పోతుంది. ఆ రోజు టైంటేబుల్ చూసుకుని, మెల్క్ మఠం లోపల చూడటం మర్నాటికి పెట్టుకోండి. క్రెమ్స్ నుంచి రానూపోనూ వెళ్ళొచ్చు. పది సైకిళ్ళుంటే పడవ కంపెనీకి ముందే చెప్పి బుక్ చెయ్యాలి.

చీరాల_చైను
పాసౌ-వియన్నా దిశే ఎందుకు? వియన్నా విమానం చవకగా దొరికితే తిరగేసి తొక్కొచ్చుగా.

పెడల్_పంతులు
ఆ లోయలో ఎక్కువ రోజులు గాలి పడమట నుంచి వీస్తుంది. తిరగేస్తే రోజంతా ఎదురుగాలి. వియన్నాలోనే దిగి, రైల్లో పాసౌ వెళ్ళి మొదలుపెట్టండి. మ్యూనిక్‌లో దిగినా సరే, బయర్న్ టికెట్ ఒక్కటి తీసుకుంటే ఐదుగురు పాసౌ దాకా రావొచ్చు. రీజనల్ రైళ్ళలోనే చెల్లుతుంది, పనిరోజుల్లో పొద్దున 9 తర్వాతే. పది మందికి రెండు టికెట్లు.

వీసా_వెంకట్
ఇది ఎవరూ చెప్పలేదు. ఎక్కడ దిగుతారన్నది కాదు, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే షెంగెన్ వీసా అప్లై చెయ్యాలి. మీకు పాసౌలో ఒక రాత్రి, మిగతా అన్నీ ఆస్ట్రియాలో. మ్యూనిక్‌లో దిగినా ఆస్ట్రియా వీసానే. ఆరు నెలల ముందు నుంచీ తీసుకుంటారు, బయల్దేరే 15 రోజుల లోపు వెళ్తే తీసుకోరు. ఫీజు 90 యూరోలు. ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాలసీలో సైకిల్ తొక్కడం మినహాయింపుల్లో ఉందేమో చదవండి, కొన్నిట్లో సాహస క్రీడల కింద పడేస్తారు. ప్రతివాళ్ళ ఫైల్లోనూ రోజువారీ ఊళ్ళు, హోటల్ బుకింగులు ఒకేలా ఉండాలి. పది మంది పది రకాల ఐటినరీలు పెడితే కౌంటర్‌లోనే ప్రశ్నలు మొదలవుతాయి.

పప్పుచారు
అసలు విషయానికి రండి. నెయ్యి, ఆవకాయ, కరివేపాకు తీసుకెళ్ళొచ్చా?

లింజ్_లత
నెయ్యి వద్దు. బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. నెయ్యి, పాలకోవా, పన్నీరు అన్నీ అందులోకే వస్తాయి. పచ్చి కరివేపాకు కూడా వద్దు, తాజా ఆకులకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఎండబెట్టి పొడి చేసుకుంటే ఇబ్బంది లేదు. ఆవకాయ, కందిపొడి, చింతపండు గుజ్జు, పప్పులు మామూలుగా వచ్చేస్తాయి.

నెయ్యికి బెంగ అక్కర్లేదు, ఇక్కడ ఏ సూపర్ మార్కెట్లోనైనా బుటర్‌ష్మాల్ట్స్ అని దొరుకుతుంది. అది నెయ్యే. పెరుగు నాటుయోగర్ట్, 3.6 శాతం అని ఉన్నది తీసుకోండి. తక్కువ శాతంది అన్నంలో కలిపితే నీళ్ళు విడుస్తుంది.

పప్పుచారు
ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు కుక్కర్ గురించి.

ఉప్పల్_రాండో
కుక్కర్ కొంచవోవుడు పరేషాన్ అయితే గిన్నెల వండి గంజి వంపుకోన్రి. మన అమ్మలు గట్లనే చేసిన్రు గద.

పప్పుచారు
@ఉప్పల్_రాండో అన్నా, ఈ పది మందిలో గంజి వార్చడం వచ్చినవాళ్ళు ఎంతమందో ముందు చేతులెత్తమనండి.

చీరాల_చైను
అక్కడ అపార్ట్‌మెంట్లలో గిన్నెలు నలుగురికి సరిపడేవే ఉంటాయి, మూడు లీటర్లు మించవు. పది మంది అన్నానికి రెండు గిన్నెలు కావాలి, రెండు పొయ్యిలు వాటికే పోతాయి. అందుకే కుక్కరే నయం. 1.8 లీటర్ల కుక్కర్లో ఒక్కసారికి కిలో బియ్యం పడుతుంది. సైకిల్ తొక్కినవాడు 120–130 గ్రాముల బియ్యం తింటాడు, పది మందికి కిలో పావు. కిలో వండి, పక్కన బ్రెడ్డో ఉడికించిన బంగాళాదుంపలో పెడితే రెండో దఫా పెట్టే పని ఉండదు.

కరెంటు మనలాగే 230 వోల్టులు. ప్లగ్గు మాత్రం మారుతుంది, మన మూడు పిన్నులది అక్కడి గుండ్రటి సాకెట్‌లోకి పోదు. ఎర్త్ ఉన్న అడాప్టర్ కొనండి. ఎయిర్‌పోర్టులో అమ్మే అన్ని దేశాల అడాప్టర్లలో చాలావాటికి ఎర్త్ ఉండదు. ఇంకోటి, పొయ్యి ఇండక్షన్ అయితే అల్యూమినియం ప్రెషర్ కుక్కర్ వేడెక్కదు. స్టీలుది, అడుగున అయస్కాంతం అంటుకునేది అయితేనే తీసుకెళ్ళండి.

లింజ్_లత
ప్రెషర్ కుక్కరే అవసరం లేదు. ఇక్కడ దొరికే ఎర్ర పప్పు, అదే మసూర్, మామూలు గిన్నెలో 15–20 నిమిషాల్లో మెత్తబడిపోతుంది. కందిపప్పే కావాలంటే గంట నానబెట్టి ముప్పావుగంట ఉడకబెట్టాలి. పది మందికి పూటకి అరకిలో పైన. ఒక కిలో కందిపప్పు తెచ్చుకోండి, మిగతా రెండు పూటలకి ఎర్ర పప్పు ఇక్కడే కొనండి. బియ్యం లాంగ్‌కోర్న్ అని ఉన్నది కొనండి. రుండ్‌కోర్న్ అనేది పొట్టి గింజ, ముద్దయిపోతుంది. ఉల్లి, టమాటా, ఉప్పు, నూనె అన్నీ ఇక్కడే. ఊరి నుంచి రావాల్సినవి కారం, పసుపు, పోపు గింజలు, ఇంగువ, చింతపండు గుజ్జు, పొడులు, పచ్చళ్ళు. మొత్తం ఐదారు కిలోలు, తలా అరకిలో చొప్పున పంచుకుంటే ఎవరి బ్యాగూ బరువెక్కదు.

పోపు పెట్టేటప్పుడు పొయ్యి పైన పొగ లాగే హుడ్ ఫుల్లుగా పెట్టి సన్న సెగ మీద చెయ్యండి. ఎండుమిర్చి మాడితే పొగ అలారం మోగుతుంది. కొన్ని బిల్డింగుల్లో అది నేరుగా ఫైర్ స్టేషన్‌కి కలిపి ఉంటుంది, ఉత్తుత్తి పిలుపుకి బిల్లు మీకొస్తుంది. హోటల్ గదిలో మంచం పక్కన కుక్కర్ పెట్టడం అసలే వద్దు.

గేరు_మార్చని_గిరి
ఆస్ట్రియా ఫైర్ ఇంజన్‌కి ఇంగువ పోపు వాసన చూపించడం కూడా సాంస్కృతిక వినిమయమే.

గోదారిగట్టు
@లింజ్_లత గారూ, బయట తినే రాత్రులకి శాకాహారులేం తినాలి? మెనూ చదవడం ఎలా?

లింజ్_లత
మూడు చోట్ల జాగ్రత్త. సూప్‌లు చూడటానికి కూరగాయలవే అయినా ఎక్కువగా గొడ్డు మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు. ఫ్రిటాటెన్‌సుప్పె అని అట్టు ముక్కలు వేసి ఇచ్చేది అదే. రెండోది బంగాళాదుంపల సలాడ్, దాని మీద కూడా ఆ రసమే పోస్తారు. మూడోది లేబర్‌కేజ. పేరులో చీజ్ ఉంది కదా అని బన్నులో పెట్టించుకుంటారు, అది పూర్తిగా మాంసం.

గుడ్డు తిననివాళ్ళకి ఇక్కడో సదుపాయం ఉంది. ఆస్ట్రియా మెనూల్లో ప్రతి వంటకం పక్కన చిన్న అక్షరాలుంటాయి, అవి ఎలర్జీ గుర్తులు. సి ఉంటే గుడ్డు, జి ఉంటే పాలు, ఎ ఉంటే గోధుమ లాంటివి, డి ఉంటే చేప. సి లేని వంటకం ఎంచుకుంటే సరి. మాంసానికి మాత్రం అక్షరం లేదు, అది నోటితో అడగాల్సిందే. కేజ్‌ష్పెట్సలె అనే చీజ్ నూడుల్స్ అందరూ శాకాహారమని చెప్తారు, అందులో గుడ్డు ఉంటుంది. కైజర్‌ష్మార్న్‌లోనూ అంతే. వాఖౌ వైపు హోయ్‌రిగర్ అనే ద్రాక్షతోట హోటళ్ళలో బ్రెడ్డు, లిప్టావర్ అనే మిరప చీజ్ ముద్ద ఇస్తారు, గుడ్డు లేనివాళ్ళకి అది బావుంటుంది.

వేళలు కూడా చూసుకోండి. చిన్న ఊళ్ళలో వంటగది మధ్యాహ్నం రెండుకి మూసి సాయంత్రం ఐదున్నరకో ఆరుకో తెరుస్తారు. వారానికి ఒకటి రెండు రోజులు రూహెటాగ్, అంటే సెలవు. అది ఒక్కో హోటల్‌కి ఒక్కో రోజు. పది మంది ఒకేసారి లోపలికి వెళ్తే చోటుండదు, ముందురోజే ఫోన్ చేయించండి.

ఆరెంజ్_రెయిన్‌కోటు
ఆదివారం గురించి ఎవరూ అనలేదేంటి? ఆస్ట్రియాలో ఆదివారం సూపర్ మార్కెట్లు మూత, శనివారం సాయంత్రం ఆరుకే కట్టేస్తారు. వంట రోజు ఆదివారం పడితే సరుకులు శనివారమే కొని మొయ్యాలి. లింజ్, వియన్నా పెద్ద స్టేషన్లలో మాత్రం ఆదివారం కూడా కొట్టు తెరిచి ఉంటుంది. పంతులు గారి ప్లాన్‌లో లింజ్ రాత్రులు శని, ఆదివారాలకి వచ్చేలా జరుపుకుంటే దానికీ పరిష్కారం దొరుకుతుంది.

గోదారిగట్టు
గురువారం మొదలుపెడితే సరిగ్గా శనివారం లింజ్. రాసుకున్నా.

చీరాల_చైను
మధ్యాహ్నం భోజనమే గ్రూపులకి సులువు, అక్కడ ఎక్కువ ఆలోచించొద్దు. పొద్దున సూపర్ మార్కెట్‌లో పది మందికి ఇరవై జెమ్మెల్ బన్నులు, అరకిలో చీజ్ ముక్కలు, పది టమాటాలు, రెండు దోసకాయలు, పది అరటిపళ్ళు. కందిపొడి నూనెలో కలిపి బన్నుకి రాయండి. రెండు సైకిళ్ళ సంచుల్లో పట్టేస్తుంది. నీళ్ళు కొనకండి, కుళాయి నీళ్ళు బాగుంటాయి. కైన్ ట్రింక్‌వాసర్ (తాగే నీళ్ళు కావు) అని రాసున్న కుళాయివి మాత్రం తాగొద్దు. కూల్‌డ్రింక్ సీసా కొంటే 25 సెంట్లు డిపాజిట్ పడుతుంది, ఖాళీది నలపకుండా తిరిగి మెషిన్‌లో వెయ్యాలి. హోటల్ టిఫిన్ బల్ల మీద నుంచి బన్నులు సంచిలో వేసుకోవద్దు. లంచ్‌పాకెట్ అడిగితే డబ్బు తీసుకుని వాళ్ళే కట్టిస్తారు.

లెక్కల_మాష్టారు
ఖర్చుల ప్రశ్న అందరూ దాటేశారు. మూడు సంచులుగా విడదీయండి.

మొదటిది ముందే కట్టేవి. హోటలు, సైకిలు, సామాను. ఇవి ఒకరి ఖాతా నుంచి అందరికీ కట్టొద్దు. విదేశీ టూరు ప్యాకేజీ మీద వసూలు చేసే టీసీఎస్ అనే ముందస్తు పన్ను కట్టినవాడి పాన్ మీదే కనిపిస్తుంది. పది మంది డబ్బూ ఒకే పాన్ మీద చూపిస్తే తర్వాత లెక్క చెప్పుకోవాల్సింది అతనే. ఎవరిది వాళ్ళు కట్టండి. సింగిల్ గది, ఈ-బైక్ అదనం ఎవరివి వాళ్ళవే.

రెండోది కిట్టీ, అంటే ఉమ్మడి డబ్బు. పాసౌలో తలా 100 యూరోలు నోట్లుగా వెయ్యండి. వంట సరుకులు, మధ్యాహ్నం బన్నులు, ఫెర్రీలు, వంట పెట్టె అదనపు రుసుము, ఇవే కిట్టీలోంచి. డబ్బు పట్టేవాడు ఒకరు, కొనేవాడు వేరొకరు. రసీదు ఫోటో గ్రూపులో పడాలి. మిగిలింది వియన్నాలో పంచేస్తారు. బీరు, వైను, మాంసం, ఐస్‌క్రీము కిట్టీలోకి రావు. తాగనివాడు తాగేవాడి బిల్లు మోసిన దగ్గరే గ్రూపులు చీలిపోతాయి.

మూడోది బయట భోజనం. దీనికి యాప్ కూడా అక్కర్లేదు. ఆస్ట్రియాలో వెయిటరే వచ్చి కలిపా, విడివిడిగానా అని అడుగుతాడు. గెట్రెన్ట్ అనండి, బల్ల దగ్గరే ఎవరి బిల్లు వాళ్ళకి చెప్తాడు. పది మందికీ ఓపిగ్గా చేస్తారు, వాళ్ళకది మామూలే. టిప్పు 5–10 శాతం, డబ్బిచ్చేటప్పుడే మొత్తం చెప్పాలి, బల్ల మీద వదిలి రారు.

కార్డు గీకినప్పుడు రూపాయల్లోనా యూరోల్లోనా అని మెషిన్ అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ళ రేటు పడుతుంది.

ఉప్పల్_రాండో
ఐస్‌క్రీమ్ కిట్టీలకెల్లి తీసేసుడు అన్యాయం మాష్టారూ.

లెక్కల_మాష్టారు
ఐస్‌క్రీము మీద ఓటింగు పెట్టుకోండి. మాంసం మీద వద్దు.

పెడల్_పంతులు
సైకిళ్ళ గురించి చెప్పకుండా తిండి దగ్గరే ఆగిపోయాం, మన జాతి లక్షణం. అద్దెకి రెండు రకాలు ఇస్తారు. ఏడు గేర్లు వెనక చక్రం మధ్య హబ్ లోపల ఉండేది, బయట చైను మారే 21 లేదా 24 గేర్లది. ఏడు గేర్ల వాటికి తరచుగా వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉంటుంది. మన వాళ్ళకి పెడల్ వెనక్కి తిప్పి సర్దుకునే అలవాటు, తిప్పగానే చక్రం ఆగిపోతుంది. వద్దనుకుంటే ఫ్రైలావుఫ్, అంటే పెడల్ వెనక్కి తిప్పినా బ్రేకు పడనిది, కావాలని బుకింగ్‌లోనే రాయండి. హబ్ లోపలి గేరు మార్చేటప్పుడు క్షణం తొక్కడం ఆపాలి.

బ్రేకు లివర్లు కూడా తిరగబడి ఉంటాయి. అక్కడ ఎడమ చేతిది ముందు బ్రేకు. మన దగ్గర ఎక్కువ సైకిళ్ళకి ఎడమది వెనకది. కంగారులో అలవాటుగా ఎడమది గట్టిగా నొక్కితే ముందుకి పల్టీ కొడతారు. పాసౌలో సైకిళ్ళు తీసుకున్న సాయంత్రం ఖాళీ స్థలంలో పావుగంట ప్రతివాళ్ళ చేతా ఆపించి చూడండి. రోడ్డుకి కుడివైపు తొక్కడం కూడా అప్పుడే అలవాటవుతుంది.

చీరాల_చైను
దానికి తోడు, ఏడు గేర్ల హబ్‌కి వెనక చక్రం పంక్చరైతే 15 ఎం.ఎం. స్పానర్ కావాలి, గేరు కేబుల్ ఊడదీయాలి, బ్రేకు పట్టీ బోల్టు విప్పాలి. చెయ్యి తిరగనివాళ్ళకి అరగంట పని. బయట గేర్లవైతే క్విక్ రిలీజ్ తిప్పితే చక్రం చేతిలో ఉంటుంది. గ్రూపంతా ఒకే రకం సైకిళ్ళు తీసుకోండి. అప్పుడు ఒకే సైజు ట్యూబులు, 28 అంగుళాలవి, మూడు చాలు. ముందు చక్రంలో డైనమో ఉంటుంది, విప్పే ముందు దాని వైరు ప్లగ్గు లాగండి. వాల్వు చూసుకుని పంపు తీసుకోండి. అక్కడ చాలావాటికి మన పాత సైకిళ్ళ రకం వాల్వే ఉంటుంది, కారు రకం కాదు. గ్యాస్ కార్ట్రిడ్జ్‌లు విమానంలో తేవొద్దు.

పంక్చర్ సామాను అందరికన్నా వెనక తొక్కేవాడి దగ్గర ఉండాలి. ముందున్నవాడి దగ్గరుంటే వాడు ఐదు కిలోమీటర్లు వెనక్కి రావాలి.

ఆరెంజ్_రెయిన్‌కోటు
అరవై దాటినవాళ్ళకి ఈ-బైక్ అయితే ఇప్పుడే బుక్ చెయ్యండి, ఉండేవి తక్కువ. మధ్య కడ్డీ కిందికి ఉండే స్టెప్-త్రూ ఫ్రేము అడగండి. ఎత్తుతో పాటు కాలి లోపలి కొలత సెంటీమీటర్లలో పంపాలి. బరువు 25 కిలోల దాకా ఉంటుంది, మెట్లున్న చోట ఇద్దరు పట్టాలి. బ్యాటరీ 500 వాట్-అవర్లది తక్కువ సాయంలో పెడితే మీ రోజువారీ దూరాలకి హాయిగా వస్తుంది, రాత్రి నాలుగైదు గంటలు ఛార్జింగు.

ఒంటి మీద సంచిలో ఏముండాలో కూడా తేల్చుకోండి. పాస్‌పోర్టు, మందులు, రెయిన్‌కోటు, ఒక వెచ్చటి చొక్కా, ఛార్జరు. ఇవి వ్యాన్‌లో వేస్తే సాయంత్రం దాకా చేతికి రావు. సెప్టెంబరు పొద్దుల్లో నది మీద పొగమంచు, పది డిగ్రీలు. మధ్యాహ్నం చెమట. నెల మధ్యకి ఏడుంబావు కల్లా పొద్దు గూకుతుంది. పచ్చడి సీసా నిండా పోయకుండా పైన వేలెడు ఖాళీ వదిలి, మూతకి టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టండి.

గోదారిగట్టు
ఏ ఒడ్డున తొక్కాలి? మ్యాపులో రెండు వైపులా దారి చూపిస్తోంది.

లింజ్_లత
ష్లోగన్ వరకు ఏ ఒడ్డయినా ఒకటే. ష్లోగన్ నుంచి ఆషాఖ్ దాకా దక్షిణం ఒడ్డు, ఉత్తరం వైపు దారి కొండ దగ్గర తెగిపోతుంది, పడవ తప్పదు. ఓటెన్స్‌హైమ్ దగ్గర్నుంచి లింజ్ దాకా దారి పెద్ద రోడ్డు పక్కనే, చప్పుడెక్కువ, త్వరగా దాటెయ్యండి. మౌట్‌హౌజెన్‌లో 1938 నుంచి 1945 మే 5 దాకా నడిచిన నాజీ శిబిరం ఇప్పుడు స్మారకం. ఊరి నుంచి పైకి నిటారు ఎక్కుడు, చూడటానికి మూడు గంటలు కావాలి. గ్రైన్ వెళ్ళే రోజున కుదరదు, లింజ్ విశ్రాంతి రోజున రైల్లోనో బస్సులోనో వెళ్ళి రండి. వాఖౌలో ఉత్తరం వైపు డ్యూర్న్‌స్టైన్, స్పిట్జ్ ఊళ్ళున్నాయి, జనం కూడా అక్కడే. దక్షిణం వైపు ప్రశాంతం. వెళ్ళేది ఒకవైపు, వచ్చేది ఇంకోవైపు పెట్టుకోండి, స్పిట్జ్ దగ్గర ఫెర్రీలో దాటొచ్చు. ఫెర్రీ లేని చోట జలవిద్యుత్ కేంద్రాల ఆనకట్టల మీదుగా దాటొచ్చు.

వానలెక్కువైతే ముందురోజే నీటిమట్టం చూడండి. 2024 సెప్టెంబరులో ఈ ప్రాంతమంతా వరదలొచ్చాయి.

పెడల్_పంతులు
సైకిల్ దారి అయిపోయి రోడ్డులో కలిసే చోట అక్కడి రూలు ప్రకారం సైకిలే ఆగి దారివ్వాలి. గుంపుగా వెళ్ళేటప్పుడు ముందువాడి వెనకే అందరూ దూరిపోకుండా ప్రతివాళ్ళూ ఆగి చూడాలి. ఐదుగురు ఐదుగురుగా విడిపోండి, ప్రతి గుంపుకీ ఒక పంపు. పన్నెండేళ్ళ లోపు పిల్లలుంటే హెల్మెట్ తప్పనిసరి. పెద్దలకి చట్టం లేకపోయినా పెట్టుకోండి, అద్దెవాళ్ళ దగ్గర సైజులు దొరకవు, ఇంటి నుంచే తెచ్చుకోండి.

గోదారిగట్టు
తేలింది. గురువారం పాసౌ, శని-ఆదివారాలు లింజ్, మంగళ-బుధవారాలు క్రెమ్స్. ఆ నాలుగు రాత్రులే వంట. మిగతా చోట్ల హాఫ్‌బోర్డు దొరికితే అది, లేకపోతే విడి బిల్లులు. కుక్కర్ నా బ్యాగులో, పొడులు తలా అరకిలో, వంట పెట్టె పదకొండో బ్యాగు. అందరికీ బయట గేర్ల సైకిళ్ళు, ముగ్గురికి ఈ-బైకులు. చివరి సందేహం, ఫెర్రీల్లో కార్డు నడుస్తుందా?

లింజ్_లత
చిన్న ఫెర్రీల్లో నమ్మకం లేదు. కిట్టీ పట్టేవాళ్ళ దగ్గర ఐదు, పది యూరోల నోట్లు, చిల్లర ఉంచండి. సాయంత్రం ఐదారు దాటాక కొన్ని నడవవు, అక్టోబరు నుంచి ఇంకా తగ్గిస్తారు.

పప్పుచారు
గంజి వార్చడం నేర్పేవాళ్ళెవరైనా ఉంటే వేరే చర్చ మొదలుపెట్టండి.